అమ్మ కోసం విప్పిన కమాన్ కట్టలు

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో కళ్ళజోడు సరిచేయించుకుని, క్యాబులో డ్రైవరు పక్క సీట్లో కూర్చుని వనస్థలిపురం వస్తుంటే, కొత్తపేట దాటాక ఒక స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎక్కి దిగినప్పుడు వెనక చక్రాల దగ్గర దబ్బుమని చప్పుడైంది. డ్రైవరు అది విన్నట్టే లేడు. నేను మాత్రం ఒక్కసారిగా వెనక్కి తిరిగాను. వెనక సీటు ఖాళీగా ఉంటుందని నాకు తెలుసు, అయినా తిరిగాను. ఇంటికి చేరాక అటక మీది అట్టపెట్టె దింపించి ఎనభైల నాటి డైరీలు తిరగేస్తే, ఆ చప్పుడు గురించి నేను రాసుకున్న పేజీలు దొరికాయి.

ఆ రోజుల్లో ఇటువైపు స్థలం కొని ఇల్లు కట్టుకున్న నా వయసు వాళ్ళకు కొత్తగా చెప్పవలసింది లేదు. లేఅవుట్ కాగితంలో నలభై అడుగుల రోడ్డు, నేల మీద ఎర్రమట్టీ రాళ్ళూ. సిమెంటు బస్తా కావాలన్నా, కిటికీ చట్రం కావాలన్నా, కొన్నాళ్ళు తాగే నీళ్ళు కావాలన్నా దిల్‌సుఖ్‌నగర్ పోయి తెచ్చుకోవలసిందే. ప్రభుత్వ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తున్న నేను, తోటి ఉద్యోగులు స్కూటర్లు కొనుక్కుంటుంటే, ఒక ఫొటో స్టూడియో యజమాని అమ్మేస్తున్న పాత ఎస్టేట్ కారు కొన్నాను. వెనక సీటు మడిస్తే మంచమంత చోటు వచ్చే పొడుగు బండి అది. మా ఇల్లూ, మా వరసలో మరో మూడు ఇళ్ళూ సగం ఆ బండి వీపు మీదే లేచాయని చెప్పాలి. దాని ఫలితం వెనక చక్రాల పైన కనిపించేది. ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన, విల్లులా వంగి ఉండవలసిన కమాన్ కట్టలు బల్లపరుపుగా అయిపోయి, బండి ఎప్పుడూ తోక మీద కూర్చున్నట్టు ఉండేది. గుంటలో దిగినప్పుడల్లా ఇరుసు వెళ్ళి బాడీకి కొట్టుకునేది. మేము దానికి అలవాటుపడ్డాం.

ఇంటి మెట్లకు ఇంకా నాపరాళ్ళు వేయకముందే అమ్మ ఆ మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. వెనక పరుపు వేసి, అక్కను పక్కన కూర్చోబెట్టి మలక్‌పేట వైపు ఆస్పత్రికి తీసుకువెళ్ళాను. ఎల్బీనగర్ కూడలి దగ్గర రోడ్డుకు అడ్డంగా ఒక పెద్ద గొయ్యి ఉండేది, తప్పించుకుపోయే చోటు ఉండేది కాదు. ఎంత మెల్లగా దింపినా దబ్బుమంది. ఆ చప్పుడుతో పాటు అమ్మ అరిచిన అరుపు నేను అంతకు ముందు వినలేదు. ఎవరిమీదా గొంతెత్తని మనిషి ఆవిడ.

ఎముకకు ప్లేటు వేశారు. రెండు వారాలు గడిచాక, వచ్చే శనివారం ఇంటికి తీసుకుపోవచ్చనీ, కానీ కుదుపు తగలకూడదనీ, తగిలితే ప్లేటు కదిలి మళ్ళీ మొదటికి వస్తుందనీ డాక్టరు చెప్పాడు. ఆస్పత్రి వ్యానులో చెక్కబల్ల తప్ప ఏమీ లేదు. అమ్మ కూడా మన బండిలోనే వస్తానంది, ఆ మాట అంటున్నప్పుడు మాత్రం నా వైపు చూడలేదు. శనివారానికి ఆరు రోజులు ఉంది. ఆ సాయంత్రమే బండిని దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు వెనక రేకుల షెడ్డులో పనిచేసే మెకానిక్ దగ్గర పెట్టాను. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. నాకంటే పదేళ్ళు పెద్ద, తక్కువ మాట్లాడే మనిషి.

మర్నాడు ఆఫీసు నుంచి వెళ్ళేసరికి రెండు కట్టలూ విప్పి నేల మీద పరిచి ఉన్నాయి. ఒక వైపు పొడుగు పట్టీ బోల్టు రంధ్రం దగ్గర చీలిపోయి ఉంది. రబ్బరు బుష్‌లు వేలితో నొక్కితే పిండిలా రాలాయి. కట్టను వేలాడదీసే పిన్నులు ఒక పక్క గోరు దిగేంత అరిగిపోయాయి. రెండు షాక్ అబ్జార్బర్లూ నూనె కక్కేసి ఖాళీగా ఉన్నాయి. ఇంతకాలం దేని మీద తిరిగామో నాకు అప్పుడు అర్థమైంది. అరిగినవన్నీ మార్చాలనీ, బాగున్న పట్టీలను కొలిమిలో కాల్చి మళ్ళీ వంపు తెప్పించాలనీ ఆయన చెప్పాడు. అక్కడితో వదిలేసి ఉంటే సరిపోయేది. కానీ నేను ఆఫీసులో కూర్చుని కొలతలతో సహా ఒక డ్రాయింగు గీసుకుని వెళ్ళాను. ఆరు పట్టీలున్న చోట ఏడు వేయాలని నా డ్రాయింగు. మా కాలనీలో సామాను మోసే ప్రతి బండికీ ఒక పట్టీ ఎక్కువ వేయించడం అప్పటి రివాజు. ఇసుక మోసినవాడూ, ఇటుకలు మోసినవాడూ అదే చేశారు. పట్టీ పెరిగితే బలం పెరుగుతుంది, బలం పెరిగితే అమ్మకు రక్షణ పెరుగుతుంది, ఇదీ నా లెక్క.

ఉస్తాద్ ఆ కాగితాన్ని చాలాసేపు చూసి మడిచి నా చేతిలో పెట్టాడు.

“సార్, ఈ బండ్ల ఇసుక మోస్తరా, అమ్మను మోస్తరా? గది చెప్పుండ్రి ముందుగాల.”

అమ్మనే కదా, అందుకే ఇంత జాగ్రత్త అన్నాను. ఆ ఏడో పట్టీ వద్దని ఆయన మరోసారి చెప్పి చూశాడు, నేను వినలేదు. చదువుకున్నవాడి మొండితనం అది, చేతిలో డ్రాయింగు కూడా ఉందాయె. ఆయన ఏడు పట్టీలూ వేసి బిగించాడు. గురువారం మధ్యాహ్నం నేను సెలవు పెట్టి వెళ్ళేసరికి బండి తోక పైకి లేచి, కొత్త బండిలా నిలబడి ఉంది. మురిసిపోయి తాళాలు అడిగాను. ఆయన ఇవ్వలేదు. వెనక తలుపు తెరిచాడు.

“ఎనక పండుకోండ్రి సార్. నేను నడుపుత.”

హాస్యమనుకున్నాను. షెడ్డుకు వచ్చినవాళ్ళు చూస్తుండగా, ప్యాంటూ చొక్కా టక్ చేసుకున్న ఉద్యోగస్తుణ్ణి బండి వెనక వెల్లకిలా పడుకోమనడమంటే మరేమనుకుంటాం. ఆయన తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పడుకున్నాను. ఎల్బీనగర్ వరకూ పోయి వెనక్కి తిరిగి వచ్చాం. అన్నేళ్ళు ఆ బండి నడిపాను కానీ అమ్మ పడుకున్న చోట నేను ఒక్కసారీ పడుకోలేదు. చిన్న రాయి ఎక్కినా వీపు కింది రేకు పైకి తన్నేది. కూడలి గొయ్యి దగ్గర దబ్బుమన్న చప్పుడు లేదు, నిజమే, కానీ నా నడుము పరుపు మీంచి జానెడు లేచి పడింది. ఇసుక నింపితే మెత్తగా ఉండే బండి, ఒక ముసలావిడ బరువుకు అసలు వంగదని నా వెన్నెముకకు తెలిసింది. తిరిగి వచ్చాక ఆయన ఎట్లున్నదని కూడా అడగలేదు. నేనే, ఆ పట్టీ తీసేయండి ఉస్తాద్ అన్నాను.

“ఒక్కటి కాదు సార్, రెండు దీస్త. ఇగ ఇసుక గిసుక మోయనని మాటియ్యండ్రి.”

ఇచ్చాను. శుక్రవారం ఐదేసి పట్టీలతో, మధ్యలో గ్రాఫైటు గ్రీసు పూసి కట్టలు మళ్ళీ ఎక్కించాడు. కానీ బుష్‌ల బోల్టులు వదులుగానే ఉంచాడు. బండి గాలిలో ఉండగా వాటిని బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోతుందట. చక్రాల మీదికి దించి, లోపల ఎంత బరువు ఉండబోతోందో అంత బరువు పెట్టి అప్పుడు బిగించాలట. అమ్మ బరువు ఆస్పత్రి చీటీ చూసి డైరీలో రాసుకున్నాను కనుక చెప్పగలిగాను. అక్కది అడిగే ధైర్యం లేక ఉజ్జాయింపుగా చెప్పాను. నాతో వచ్చిన మా పక్కింటి పెద్దాయన, మా కాలనీ రాకముందు నుంచీ అక్కడే ఉన్న పాత రైతు, మా స్థలాలన్నీ ఒకప్పుడు ఆయన జొన్న చేలే, తానే బరువుగా కూర్చుంటానని కండువా సర్దుకుని ఎక్కాడు.

“నువ్వు దిగు పటేలా, నువ్వెక్కితె ఇద్దరమ్మల లెక్కయితది,” అన్నాడు బండి కింద నుంచి ఉస్తాద్.

పెద్దాయన ఏమీ అనుకోలేదు. పుష్టిగా తిన్నోన్ని తిననోడు జూసి కుళ్ళుకుంటడని నాతో మెల్లగా అని దిగాడు. చివరికి నేనూ, పక్క కొట్టు నుంచి అడిగి తెచ్చిన రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలూ అమ్మా అక్కా అయ్యాం. మేము కదలకుండా ఉంటే ఆయన ఒక్కొక్క బోల్టే బిగించాడు.

శనివారం పొద్దున అమ్మను బండి ఎక్కించాం. మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎద్దుబండి నడకలో వచ్చాను. వెనక బస్సులు హారన్లు కొడుతూనే ఉన్నాయి. ఎల్బీనగర్ కూడలి వచ్చేసరికి బండిని మొదటి గేరులోకి దించాను. గొయ్యిలోకి ముందు చక్రాలు దిగాయి, ఎక్కాయి. వెనక చక్రాలు దిగాయి. బండి ఒకసారి మెల్లగా కిందికి కుంగి, మళ్ళీ మెల్లగా లేచింది. అద్దంలో అక్క ముఖం చూశాను, అమ్మ ముఖం చూడటానికి ధైర్యం చాలలేదు. మరో ఫర్లాంగు పోయాక వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది.

“ఆ గొయ్యి ఇంకా రాలేదేంట్రా?”

“దాటేశామమ్మా.”

కాసేపటికి గురక వినిపించింది. అక్క నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం బండి పక్కకు ఆపి, దిగి, చక్రం చూస్తున్నట్టు నటిస్తూ రెండు నిమిషాలు రోడ్డు మీద నిలబడ్డాను. ఊపిరి తీసుకోవడం అంత హాయిగా ఉంటుందని అంతకు ముందు తెలియదు. మా సందు మలుపు తిరిగేసరికి పక్కింటి పెద్దాయన మొరం తోలించి గుంతలన్నీ పూడ్పించి ఉంచాడు. అంతకు ముందు రోజు అన్నన్ని గంటలు నా పక్కన కూర్చుని ఆ మాటే ఎత్తలేదు. అమ్మ తరవాతి కార్తీకానికల్లా కర్ర పట్టుకుని ఆ సందు చివరిదాకా నడిచింది.

ఇప్పుడు ఆ కూడలి మీదుగా ఫ్లైఓవర్లు పోతున్నాయి. ఏది ఎక్కితే ఎటు పోతామో నాకు ఇప్పటికీ కుదురుగా తెలియదు. ఆస్పత్రి నుంచి మనిషిని తేవాలంటే పరుపూ ఆక్సిజనూ ఉన్న బండి ఫోను చేస్తే గుమ్మం ముందుకు వస్తుంది. ఏ కొడుకూ తల్లిని అలా గుంతలు లెక్కపెట్టుకుంటూ తెచ్చుకోనక్కరలేదు, ఇది నిజంగా మంచికే. మా ఇంటి ముందున్న కారు కింద ఏముందో నేను ఒక్కసారి కూడా వంగి చూడలేదు, చూడవలసిన అవసరం పడలేదు. అది అదృష్టమే అనుకుంటాను. అలా అనుకున్న తరవాత, ఎందుకో, ఆ డైరీ మూసి వెంటనే లేవబుద్ధి కాదు.