ఉప్పు పోసిన పాదు

ఈ బరువు ఇంక నా వల్ల కాదు. ఏళ్ల తరబడి మోశాను. ఒక్క మాట చెప్పాల్సిన చోట నోరు మూసుకున్నాను, దాంతో ఒక మంచి మనిషి బతుకు పాడైంది. ఇది చదివే మీకైనా చెప్పుకోనివ్వండి.

మన్సూరాబాద్‌లో ఇల్లు కట్టగానే మా ఆయన కడియం నర్సరీ నుంచి అంటుకట్టిన మాగ్నోలియా మొక్క తెచ్చి గేటు పక్కన నాటారు. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుందని, అరచేతికంటే పెద్ద తెల్లటి పూలు పూస్తుందని ఒకటే మురిపెం. నాలుగేళ్లయినా మొగ్గ లేదు. మాది కోనసీమ. కొబ్బరి కాపు తగ్గితే మా నాన్న పాదు తవ్వి కల్లుప్పు పోసేవాడు. నేనూ అదే చేశాను. ఆయన ఆఫీసుకెళ్లాక, చెట్టు వేళ్లు తెగుతున్నా ఆగకుండా తవ్వి, రెండు ప్యాకెట్ల ఉప్పు కుమ్మరించాను. పూసిన రోజు చెబుదామనుకున్నాను. ఎంత తెలివో నాది!

నెల తిరక్కుండా చెట్టు నిలువునా ఎండిపోయింది.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ అంటే చాలు, ఆంధ్రావాళ్లమని భయపడి గేటుకు తాళం వేసుకునేవాళ్లం. పక్కింటి సత్తెమ్మక్క వాళ్లది పోచంపల్లి, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టు. మా చెట్టు ఆకులు తన వాకిట్లో పడుతున్నాయని ఒకసారి విసుక్కుంది. మా ఆయనకు ఆ మాట చాలింది. గోడ దగ్గర నిలబడి వీధంతా వినేలా అరిచారు.

"మేమంటే గిట్టకపోతే మమ్మల్ని అనండి! చెట్టుకు విషపు మందు పోస్తారా?"

"ఏంది సార్ గా మాట? మీరు ఊరికి పోతే దానికి నీళ్లు పోసింది నేనే గద! నేనెందుకు సంపుత?" అని ఆమె నా వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పు చెల్లె."

నేను తల దించుకున్నాను.

ఎందుకు? ఆయన కోపానికి భయపడ్డానా? భయమే. కానీ నింద నా మీదికి రాలేదన్న ఊరట కూడా ఆ క్షణంలో నాలో ఉంది, దాన్ని తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం పుడుతుంది. కాలనీలో కోస్తా వాళ్లంతా ఆయన మాటే నమ్మారు. వాళ్ల కొట్టుకు వెళ్లడం మానేశారు. ఏడాదికల్లా కొట్టు మూతపడింది, ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయారు. ఆయన ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆ కథ చెబుతారు. నేను పక్కనే నిలబడి కాఫీ అందిస్తాను.

మొన్న ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఆమె కనిపించింది. తనే పలకరించింది. చెయ్యి పట్టుకుని నా మోకాళ్ల నొప్పి తగ్గిందా అని అడిగింది. ఛీ, నేనూ ఒక మనిషినేనా? చెప్పెయ్యాలని నోరు తెరిచి, బస్సొచ్చిందని పారిపోయాను.

ఆమెకు చెప్పలేనిది మీకు చెప్పి ఏం లాభం? తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. చెట్టును చంపింది సత్తెమ్మక్క కాదు, నేనే. రాసేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.