గాలిమోటరు ముందు సీటు

అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం జరిగిన ఏడాది, మా కాలేజీ మూతపడింది. పరీక్షలు ఎప్పుడు పెడతారో ఎవరికీ తెలియదు. మా ఊరు దేవరుప్పులకు వచ్చి వ్యవసాయం చూసుకొమ్మని మా బాపు కబురు పెట్టాడు. నేను వెళ్లలేదు. హైదరాబాదులో విమానం నడపడం నేర్పే క్లబ్బు ఒకటి ఉంటే అందులో చేరాను. అక్కడ నాకు నేర్పిన గురువుగారు కోస్తా మనిషి. నా మాట వినగానే నవ్వేవారు. నవ్వినా నేర్పడంలో లోటు చేయలేదు. "నీ చేతులు బానే ఉన్నాయయ్యా, కాళ్లే నిద్రపోతుంటాయి" అనేవారు.

ఆయన చెప్పింది నిజం. విమానం మలుపు తిరగాలంటే చేతిలోని కర్రను వంచడంతో పాటు అదే వైపు పెడలును కాలితో నొక్కాలి. రెండూ సమంగా కుదిరితే విమానం నీళ్లలో చేపలా తిరుగుతుంది. కాలు ఆలస్యమైతే పక్కకు జారుతుంది. అప్పుడు గాలి చెంప మీద కొడుతుంది. లైసెన్సు వచ్చినా నా చెంపకు ఆ దెబ్బలు తప్పలేదు.

ఆరేడేళ్ల తర్వాత, పెళ్లయి జనగామలో కాపురం పెట్టాక, వేలంలో ఒక పాత విమానం కొన్నాను. రెండో ప్రపంచ యుద్ధం నాటిది. సైన్యంలో కొత్తవాళ్లకు నేర్పడానికి వాడిందే. ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు, కట్టె చట్రం మీద గుడ్డ, ఒకదాని వెనక ఒకటిగా పైకప్పు లేని రెండు సీట్లు. ముందు సీటు నేర్పేవాడిది, వెనక సీటు నేర్చుకునేవాడిది. ఒక్కరే నడిపితే వెనక సీట్లోనే కూర్చోవాలి. రెండు సీట్లకూ కర్రలు, పెడళ్లు ఉంటాయి. లోపల ఒక ఇనుప కడ్డీ రెంటినీ కలుపుతుంది కనుక ఒకచోట పెడలు కదిలితే రెండోచోటా కదులుతుంది. ఇద్దరూ మాట్లాడుకోవడానికి ఒక రబ్బరు గొట్టం ఉండేది. ఇంజిను హోరులో అది తప్ప దారి లేదు.

కొన్న వారానికే రేగొండ నుంచి ఒక మనిషి వెతుక్కుంటూ వచ్చాడు. యాభై దాటినవాడు. సైన్యంలో విమానాల మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడట. "గా బండి నాకు ఎరుకే పటేలా. నాకు అప్పజెప్పుండ్రి, నేను జూసుకుంట" అన్నాడు. అంతకన్నా అదృష్టం ఏముంటుంది అనుకున్నాను. అప్పటినుంచి ఆయనను కాకా అని పిలిచేవాణ్ని.

జనగామ అవతల గట్టి మెట్టనేలలో షెడ్డు వేసి విమానాన్ని అక్కడ ఉంచాం. జాతరలప్పుడు, ఎగ్జిబిషన్లప్పుడు దగ్గరి ఊళ్లకు తీసుకెళ్లేవాణ్ని. ముందు కాసేపు గాల్లో తిప్పి చూపించి, తర్వాత ఒక్కొక్కరిని ఎక్కించుకుని ఊరి మీదుగా ఒక చుట్టు తిప్పేవాణ్ని. గాలిమోటరు వచ్చిందంటే పత్తి చేలల్లో పని ఆపి జనం పరుగెత్తుకొచ్చేవాళ్లు. ఎక్కినవాళ్లు భయంతో పట్టుకోకుండా ముందు సీటు కర్రను కాకా తీసేశాడు. పెడళ్లు మాత్రం అలాగే ఉండిపోయాయి.

మొదట జనగామలోనే జరిగింది. బియ్యం మిల్లు యజమాని ఒకాయన ఎక్కాడు. ఊరు దాటాక ఎడమకు తిరుగుదామని కర్ర వంచాను. నా కాలు ఇంకా కదలలేదు. ఎడమ పెడలు తనంతట తానే లోపలికి పోయింది, ఎంత పోవాలో అంతే. విమానం చక్కగా తిరిగింది.

"సేట్, కాళ్లు దగ్గరికి తీసుకోండి. పెడళ్లు తొక్కకండి" అని గొట్టంలో చెప్పాను.

దిగాక అడిగితే, "ఎక్కంగనే కండ్లు మూసుకున్న. ఏం తొక్కిన్నో నాకేం ఎరుక" అన్నాడు. నేనూ నవ్వేసి ఊరుకున్నాను.

తర్వాత రెండు మూడేళ్లలో అలా చాలాసార్లు జరిగింది. ప్రతిసారీ కాదు. నడపడం నాకు బాగా పట్టుబడిందని, కాళ్లు నాకు తెలియకుండానే పని చేస్తున్నాయని అనుకున్నాను. చెంపకు గాలి తగలడం మానేసింది. లోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది.

మానుకోటలో ఆ గర్వం పోయింది. తండాల నుంచి జనం వచ్చారు. వాళ్లలో ఒక లంబాడీ అవ్వ ఎక్కుతానని పట్టుబట్టింది. మోచేతి పైదాకా గాజులు, బక్కపలచని మనిషి. కొడుకులు వద్దన్నారు. ఆమె వాళ్లను తమ భాషలో ఏదో అని, నా వైపు తిరిగి "పోదాం బాపు" అంది. కాకా ఆమెను ఎత్తి కూర్చోబెట్టి బెల్టు బిగించాడు. ఆమె కాళ్లు పెడళ్లకు అందవు. అది నేను చూస్తూనే ఉన్నాను.

రైలు పట్టాల మీదుగా కుడికి తిరిగాను. కుడి పెడలు లోపలికి పోయింది. నేను రెండు పాదాలూ ఎత్తేశాను. పెడళ్లు మెల్లగా, చేయి తిరిగినవాడి కాళ్ల కింద కదిలినట్టు, కుడికి పోయి, మలుపు కాగానే మధ్యలోకి వచ్చి ఆగాయి. ఎండ మిటమిటలాడుతోంది. నా వీపు మీద మాత్రం చల్లటి చెమట పట్టింది.

కిందికి దిగాక ఆమె సీట్లో కాళ్లు మడిచి సక్లముక్లం వేసుకుని కూర్చుని ఉంది. "అవ్వా, కాళ్లు కింద పెట్టినవా?" అని అడిగాను.

"పెట్టలె బాపు" అంది. "కింద వేరే కాళ్లున్నయి గదా. తొక్కుతనేమో అని మీదికి ముడుసుకున్న."

అది చెప్పి, ఇందులో ఏముంది అన్నట్టు కొడుకుల చేయి పట్టుకుని దిగి వెళ్లిపోయింది. కాకా నా పక్కనే నిలబడి ఆ మాట విన్నాడు. మిగతావాళ్లను ఇక ఎక్కించవద్దన్నాడు. మధ్యాహ్నం భోజనం కూడా చేయకుండా ముందు సీటు కింద దూరి, రెండు పెడళ్లనూ కలిపే కడ్డీని ఊడదీశాడు.

"ఇగ ముందువాటికి ఎనుకవాటికి సంబంధం లేదు పటేలా. పరేషాన్ గాకుండ్రి" అన్నాడు. కానీ పరేషాన్‌గా ఉన్నది ఆయనే. ఊడదీసిన కడ్డీని గుడ్డలో చుట్టి పనిముట్ల పెట్టె అడుగున పెట్టి మూత వేశాడు.

ఎనభైల మొదట్లో భూపాలపల్లికి పిలుపు వచ్చింది. అక్కడ బొగ్గు కోసం నేల తవ్వి చూస్తున్న రోజులు. ఆ పని మీద వచ్చిన ఒక జియాలజిస్టు అడవిని పైనుంచి చూడాలని ముచ్చటపడ్డాడు. గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు. ఎక్కేముందు పెడళ్లను చూసి ఏమిటని అడిగాడు. అవి పనిచేయవని, కాళ్లు ఎక్కడ పెట్టుకున్నా ఫరవాలేదని చెప్పాను.

పొద్దున్నే ఎగిరాం. కింద టేకు అడవి, మధ్యలో ఎర్ర మట్టి దారులు. నా పెడళ్లు నేను నొక్కితేనే కదులుతున్నాయి. ఎన్నాళ్లకో గాలి మళ్లీ చెంప మీద కొట్టింది. నాకు హాయిగా అనిపించింది.

అప్పుడు గొట్టంలో ఆయన మాట వినిపించింది. "ఇవి పనిచేయవన్నారు కదండీ. కదులుతున్నాయేంటి?"

నేను నా పాదాల వైపు చూసుకున్నాను.

"మీరు తిరిగినప్పుడల్లా కదులుతున్నాయి. విమానం తిరగడానికి కొంచెం ముందే కదులుతున్నాయండీ."

"మీ కాళ్లెక్కడున్నాయి?" అన్నాను.

"సీటు కిందికి మడిచి పెట్టుకున్నాను." ఆయన తల వంచి కిందికి చూశాడు. "ఇప్పుడు ఎడమది పూర్తిగా లోపలికి వెళ్లిపోయిందండీ. అలాగే ఉండిపోయింది. తిరిగి రావట్లేదు."

నా పెడళ్లు మధ్యలో నిశ్చలంగా ఉన్నాయి. విమానం సూటిగా పోతోంది. ఇంజిను శబ్దంలో ఏ తేడా లేదు. ఎందుకో చెప్పలేను, ఆ ముందు సీట్లోంచి ఎవరో నా మీద కేకలు వేస్తున్నారనీ, నాకు వినబడడం లేదనీ అనిపించింది. నేను ఎడమ పెడలు నొక్కి, వెనక్కి తిప్పి, తిన్నగా తెచ్చి దించేశాను. చక్రాలు నేలకు తాకేదాకా అది లోపలికే ఉందని తర్వాత ఆయన చెప్పాడు. మర్యాదగా నమస్కారం పెట్టి, వెనక్కి చూడకుండా జీపెక్కి వెళ్లిపోయాడు.

కాకా విమానం రెక్క నీడలో కూర్చున్నాడు. నేను జరిగింది చెప్పాను. ఎడమ పెడలు అన్న మాట దగ్గర ఆయన తల దించుకున్నాడు.

"మీకు ముందే జెప్పాల్సింది" అన్నాడు. "యుద్ధం అయిపోయే ముంగట నేను గీ బండి మీదనే పని నేర్చిన. నేర్పే సారు ముంగట, కొత్త పోరడు ఎనుక. మీద ఇంజన్ మెల్లగ జేసి తిప్పుతుంటే బండి కుడి దిక్కు గిరగిర తిరుక్కుంట పడవట్టింది. గట్లయితే ఎడమ పెడలు మొత్తం తొక్కాలె. సారు తొక్కిండు. ఎనుక పోరడు భయంతోని బుగులువడి కుడిది తొక్కిపట్టుకొని ఇడ్వలె. జవాను పోరడు, బలం ఎక్కువ. చెట్ల మీద పడ్డది."

"ఎవరు పోయిండ్రు?"

"సారు పోయిండు. పోరడు బతికిండు." కాకా తన అరచేతులు చూసుకున్నాడు. "ఆయన్ను బయటికి తీసింది నేనే. ఎడమ కాలు పెడలు మీదనే ఉండె, గట్టిగ తొక్కిపట్టి. పెడలు వంగిపోయింది. మల్ల నేనే సాపు జేసి పెట్టిన. గిదే పెడలు."

నాకు కోపం రావలసింది. రాలేదు. రెక్క నీడ జరిగి ఎండ మా మీదికి వచ్చింది. ఆ సారు అన్నేళ్లుగా తొక్కుతూనే ఉన్నాడు. వెనక కూర్చున్న నేను కొన్నాళ్లు ఆయన మాట విన్నాను, వింటున్నానని తెలియకుండా. మేము కడ్డీ ఊడదీసేసరికి ఆయన తొక్కింది మళ్లీ ఎవరికీ అందకుండా పోయింది.

"కాకా, ఆ కడ్డీ తెచ్చినవా?"

"పెట్టెల ఉన్నది."

"పెట్టు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "ఆలోచన జేసుకోండ్రి పటేలా. లారీల ఏసుకొని పోవచ్చు. రెక్కలు ఇప్పితే గంట పని."

"పెట్టు కాకా."

సాయంత్రానికి ముందే బయలుదేరాను. కాకా ఇంజిను ముందున్న పంకాను చేత్తో తిప్పి, ఇంజిను అందుకోగానే పక్కకు జరిగి, ముందు సీటు వైపు తిరిగి నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు. నాకు కాదని తెలుసు. ముందు సీట్లో ఖాళీ బెల్టు బిగించి ఉంది. నేలను వదిలాక నా పాదాలు పెడళ్ల మీద ఆనీ ఆననట్టు పెట్టుకున్నాను. రేగొండ దాటేదాకా ఏమీ జరగలేదు. అక్కడ పడమటికి తిరగాలి. కర్ర వంచాను. పాదాల కింద పెడలు మెత్తగా, ఓపికగా కదిలింది. నాకు ఏడుపు వచ్చింది. భయం పోలేదు, అది మెడ వెనక అలాగే ఉంది. కానీ నేను పాదాలు తీయలేదు. గొట్టం నోటి దగ్గర పెట్టుకుని, "సార్, మీరు తొక్కింది అందుతున్నది" అన్నాను. అటువైపు నుంచి గాలి హోరు తప్ప ఏదీ రాలేదు.

జనగామలో షెడ్డు దగ్గర నా భార్య ఎదురుచూస్తోంది. నేను దిగడానికి చాలాసేపు పట్టింది. ఆమె నీళ్లిచ్చి, విమానం వైపు చూసి, "ఇంకెవరో దిగుతరని జూస్తున్న. ఒక్కరే వచ్చిండ్రా?" అంది.

ఆ రోజు ఆమెకు అవునని చెప్పాను. తర్వాత ఎప్పుడో అంతా చెప్పాను.

ఆ తర్వాత ఎవరినీ ఎక్కించుకోలేదు. నెలకోసారి, రెండు నెలలకోసారి ఒక్కణ్నే పొద్దున కాసేపు తిరిగి వచ్చేవాణ్ని. కొన్నిసార్లు పెడళ్లు కదిలేవి, రానురాను తగ్గిపోయాయి. చివరి ఏడాది పూర్తిగా నా కాళ్లతోనే నడిపాను. ఆయన వెళ్లిపోయాడని సంతోషించాలో, నన్ను ఇక సరిదిద్దే పని లేదనుకున్నాడని సంతోషించాలో తెలియలేదు. రెక్కల గుడ్డ చీకిపోయి ఎగరడానికి అనుమతి రద్దయ్యాక, కాకా కూడా రేగొండలో మంచం పట్టాక, ఒక కాలేజీవాళ్లు ఆవరణలో నిలబెట్టుకుంటామని అడిగితే ఇచ్చేశాను. ఇచ్చేముందు పిల్లలు ఎక్కకుండా రెండు సీట్ల మీదా రేకు కొట్టించమని చెప్పాను. వెనకదాని మీద కొట్టించారట. ముందుదాని మీద కొట్టిన రేకు మాత్రం నిలవడం లేదని, మేకులు వదులైపోతున్నాయని ఒకసారి వాళ్ల ప్యూను చెప్పాడు. కట్టె పాతది కదా అన్నాను.