ఓనరాంటీ వంశంలో నైట్

మొన్న ఆదివారం టొరంటోలో మ్యూజియంకి వెళ్తే, అద్దాల వెనక ఒక ఇనుప కవచం కనబడింది. పాతకాలపు ఇంగ్లండులో రాజు తరఫున గుర్రమెక్కి యుద్ధాలు చేసిన నైట్ ఎవరిదో. మా అమ్మాయి "సో స్మాల్, అమ్మా!" అంది. నాకు మాత్రం లండన్‌లో మా ఓనరాంటీ గుర్తొచ్చారు. లండన్ అంటే ఒంటారియోలోని మన లండనే. చదువుకునే రోజుల్లో ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేదాన్ని.

ఆంటీ రిటైరైన నర్సు, ఒంటరి మనిషి. తాము తమ ఇంటిపేరుగల ఒక నైట్ సంతతి అని వాళ్ల నాన్న చెప్పేవారట. రైలు పట్టాల పనిలో నడుం వంగిపోయిన ఆయన, ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం నిటారుగా నిలబడేవారట. అది నిజమని తేల్చాలని ఆంటీ పట్టుదల. చూపు ఆనక, కంప్యూటర్‌లో పాత చర్చి రికార్డులు నాచేత చదివించుకునేవారు. మధ్యలో పుల్లటి రూబార్బ్ కాడలు కూరి కాల్చిన ‘పై’ అనే తీపి వంటకం పెట్టేవారు. గోంగూర మీద బెంగతో నేను దాన్నే లొట్టలేసుకుంటూ తినేదాన్ని.

ఒక చలికాలం ఉదయం, ఆంటీ సాయమడిగిన ఇంగ్లండు చరిత్రకారుడు ఫోన్ చేశాడు. ఆంటీ స్పీకర్ ఆన్ చేశారు.

"ఆ నైట్‌కి కొడుకుల్లేరండీ, కూతుళ్లే. ఇంటిపేరు ఆయనతోనే ఆగిపోయింది. అది అసలు ఆయన ఊరిపేరే; మీ పెద్దలూ ఆ ఊరివాళ్లు కాబట్టి అదే పెట్టుకుని ఉంటారు."

"ఆ కూతుళ్ల పేర్లేమిటి?" అన్నారు ఆంటీ.

"ఎవరూ రాసిపెట్టలేదండీ."

ఫోన్ పెట్టేసి, "ఇది వినడానికి నాన్న లేకపోవడమే మంచిదైంది," అన్నారు. కళ్లు తుడుచుకుని, ఉన్నట్టుండి నావైపు తిరిగారు. "మీ అమ్మమ్మ వాళ్లమ్మ పేరేమిటి?"

తాతలూ ముత్తాతల పేర్లయితే గడగడా చెప్పగలను. ఇది తెలీదు.

"మీ అమ్మమ్మ ఉన్నారా?"

"విజయనగరంలో ఉంది."

"అయితే ఇప్పుడే ఫోన్ చెయ్."

అక్కడ సాయంత్రం. అమ్మమ్మ పకపకా నవ్వింది. "ఇన్నేళ్లకి మా అమ్మ పేరడిగినదానివి నువ్వేనే! నరసమ్మ. నీలాగే ఎడంచేత్తో ముగ్గేసేది. మా నాయనమ్మ తిడితే, నవ్వుతూ మళ్లీ ఆ చేత్తోనే వేసేది."

ఒక్క ముక్క అర్థంకాకపోయినా, ఆంటీ నా మొహంలోకే చూస్తూ కూచున్నారు. నేను పేరు చెప్పగానే "నారాసామా" అని రెండుసార్లు పలికి, అప్పుడు నవ్వారు.

ఆ వేసవిలోనే అమ్మమ్మ పోయింది. ఆంటీ తొందరపెట్టకపోతే, సెమిస్టర్ అయ్యాక అడగొచ్చులే అనుకునేదాన్ని. తలచుకున్నప్పుడల్లా ఆవిడకి మనసులోనే దండం పెట్టుకుంటాను. మన తీరిక చూసుకుని కాలం ఆగుతుందని ఆ వయసులో ఎంత గట్టి నమ్మకమో!