బర్రె ఒప్పుకుంటేనే పాట

మొన్న పొద్దున పాలు పోయడానికి పోతే సారు గేటు ముందర కార్లు ఆగి ఉన్నాయి. లోపల నుంచి ఏడుపు వినబడింది. చెంబు పట్టుకొని అట్లే నిలబడ్డాను. సారు పోయారు.

ఆయన కట్టిన కీర్తనల గురించి పెద్దవాళ్లు పేపర్లలో రాశారు. నాకు సంగీతం రాదు. శామీర్‌పేట చెరువు వెనక ఒక్క బర్రెను కాసుకునేవాణ్ణి, సారుకు పక్కింటివాణ్ణి. ఆయన శిష్యురాలు రాయమంటే నాకు తెలిసింది రాస్తున్నాను.

పక్క ఇళ్లలో కుక్కర్ కూత వేస్తే సారు చెవులకు తువ్వాల చుట్టుకునేవారు. పాడేముందు పచ్చిమిరపకాయ కొరికేవారు. కొత్త పాట కడితే కాగితం మీద పెట్టకముందే మా కొట్టంలోకి వచ్చి బర్రెకు వినిపించేవారు. అది నెమరు వేస్తూనే ఉంటే పాట నిలిచినట్టు. దవడ ఆపి చెవులు రిక్కిస్తే ఆ పాటను మళ్లీ నోటికి రానిచ్చేవారు కాదు.

"మనుషులు మొగమాటానికి తలూపుతరు పటేలా. దీనికి మొగమాటం లేదు" అనేవారు.

మా ఇంటామె నవ్వేది. "సారూ, మీ పాటకు పాలు ఎక్కువిస్తదా?"

"ఇయ్యదమ్మా. గడ్డి ఏసినోళ్లకే ఇస్తది."

పాట రాని నన్ను కూడా పక్కన కూర్చోబెట్టుకునేవారు. అది మరువను.

ఈ ఎండాకాలం సారుకు ఆయాసం ఎక్కువైంది. "గీ ఒక్కటి అయితే చాలు" అంటూ ఒక పాట మీద కూర్చున్నారు. ఒకరోజు కర్ర పట్టుకొని కొట్టంలోకి వచ్చి పాడారు. బర్రె దవడ కదపలేదు. మళ్లీ పాడారు. కదపలేదు.

"ఇగ అయిపాయె. ఇది పాట కాదు" అని లేచారు.

నాకు మాటలు తక్కువ. సారు ముందర ఇంకా తక్కువ. కానీ ఆ పాట ఇంకా కాగితం మీద లేదు. ఆయన గేటు దాటితే అది పోయినట్టే.

"సారూ, ఆగుండ్రి. తప్పు పాటది గాదు. దీనికే పానం మంచిగలేదు. ఫంక్షన్ హాల్ ఎనక పారబోసిన అన్నం మేసొచ్చింది. పొద్దుగాల నుంచి నెమరే లేదు."

"నన్ను సముదాయిస్తున్నవా?"

"బర్రె మీద ఒట్టు."

ఉబ్బిన దాని డొక్క మీద చెయ్యి వేసి చూశారు. "ఎప్పుడు మంచిగైతది?"

"బతికితే చూడాలె సారూ."

మేడ్చల్ నుంచి పశువుల డాక్టర్ వచ్చి మందు తాగించాడు. బర్రె లేవలేదు. అవతల సారూ మంచం పట్టారు. యాప్రాల్ నుంచి శిష్యురాలు వచ్చి ఫోన్ ముందర పెట్టింది. "ఒక్కసారి పాడండి సార్, రికార్డ్ చేసుకుంటా."

"బర్రె ఇనలే బిడ్డా."

ఆమె నా వైపు కోపంగా చూసింది. అటు పోతే సారు ఎగశ్వాస, ఇటు వస్తే బర్రె మూలుగు. ఏది ముందు ఆగుతుందోనని తిరిగాను.

ఒక సాయంత్రం బర్రె గడ్డిపరక అందుకుంది. మర్నాడు దవడ ఆడింది. వెంటనే తాడు పట్టి సారు కిటికీ కిందికి తోలుకపోయాను. సారు పచ్చిమిరపకాయ అడిగారు. కొరకలేక పెదవికి తాకించుకున్నారు. గొంతు సన్నగా లేచింది. నేను పాట వినలేదు, దవడనే చూస్తున్నాను. నడుమ ఒకచోట ఆగింది. బర్రె ముద్ద మింగి, ఇంకో ముద్ద పైకి తెచ్చుకొని మళ్లీ మొదలుపెట్టింది.

"రాసుకో బిడ్డా" అన్నారు సారు, మంచం పక్కనున్న శిష్యురాలితో.

నిన్న చెరువు నుంచి వస్తూ బర్రె తనంతట తానే ఆ కిటికీ కింద ఆగింది. కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. నేను అదిలించలేదు. తాడు వదులు చేసి పక్కన నిలబడ్డాను. అది నెమరు వేస్తూనే ఉంది.