సంపాను చెంచా

రంగూన్‌లో దొరలు సీమకు ఓడెక్కే ముందు ఇంటి సామాను వేలం వేసేవారు. నేను అక్కడికి వెండి చెంచాల కోసం పోయేవాణ్ణి. యాత్రికుల కోసం నేను పుట్టకముందే చేసిన చెంచాలవి. వెనక స్టెర్లింగ్ ముద్ర, కాడ చివర ఊరి ముచ్చట ఏదో ఒకటి: పగోడా, దుంగ మోసే ఏనుగు, గొడుగు పట్టిన బర్మా పడుచు, సంపాను అనే చిన్న పడవ. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అని నా భార్య దెప్పేది. నిజమే, రేవు గుమాస్తాకు అదేం పిచ్చో!

ఒక ఏడు వానల్లో మా రెండేళ్ల పాపకు జ్వరం పట్టింది. జ్వరం దిగింది గాని పిల్ల తిండి మానేసింది. కడుపులోకి ఏదైనా పోతేనే దక్కుతుందన్నాడు డాక్టరు. ఎవరు బతిమాలినా పళ్లు బిగించేది. ఒక్క సంపాను చెంచాతో పెడితేనే, కాడ మీది చిన్న పడవను వేలితో తడుముతూ గంజి మింగేది. మా కిటికీలోంచి పజుండౌంగ్ కాలువలో ఆ సంపాను పడవలే కనిపించేవి.

మా అమ్మకు ఆ చెంచా కంట్లో నలుసు. కన్నబిడ్డల ఎంగిలైనా ముట్టని మనిషి. ఒకరోజు నేను రేవు నుంచి వచ్చేసరికి చెంచా పొయ్యిలో ఉంది.

"ఏటి సేసినావే అమ్మా!"

"దొర్లు నాకిన సెంచా. అందికే పిల్ల తేరుకోనేదు. అగ్గిలో ఎడితే మైల పోతాదని ఎట్టినాను."

పట్టకారుతో బయటికి లాగాను. టంకం కరిగి పడవ ఊడిపోయింది.

బోడి కాడ చూసి పిల్ల మొహం తిప్పుకుంది. పడవను దారంతో కట్టి చూపించాను. ఏనుగును చూపించాను, పడుచును చూపించాను. కన్నెత్తి చూడలేదు. మర్నాటికి కళ్లు లోపలికి పోయాయి, ఏడవడానికి కూడా ఓపిక లేదు. పెట్టె నిండా వెండి చెంచాలున్నాయి, బిడ్డ నోట్లోకి చుక్క గంజి పోయే దారి లేదు. ఆ చెంచాలన్నీ కాలువలో పారేయాలనిపించింది.

అప్పటిదాకా మూల కూర్చున్న అమ్మ లేచి వచ్చింది. అదే బోడి చెంచాతో గంజి తీసి తన నోట్లో పెట్టుకుంది.

"సూడమ్మా, నానమ్మ తింతంది. నువ్వూ తిను."

పిల్ల ఆ చెంచాను నానమ్మ నోటి వైపే తోసింది. అమ్మ మళ్లీ తింది. మూడోసారి పిల్ల పెదాలు విడ్డాయి, గంజి లోపలికి పోయింది. మళ్లీ చెంచా తోసింది. గిన్నె అడుగు కనిపించేదాకా మా అమ్మ మనవరాలి ఎంగిలి తింటూనే ఉంది, ఏడుస్తూనే ఉంది.