ఆయన్నే అడుగుండ్రి సారూ

పదేళ్లుగా ఒక మాట నన్ను వదలడం లేదు. చిన్న మాటే. "లేదు." కరీంనగర్ కోర్టులో ప్రమాణం చేసి, అందరూ వినేటట్టు అన్నాను. అది అబద్ధం. ఆ అబద్ధం మీద ఒక పెళ్లి రద్దయింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లయితే ఇది రాయడం మానేసి, మీ మనసులో ఏముందా అని మీ ముఖంలో వెతుకుతూ కూర్చునేవాణ్ణి. నా గుణం అది.

అప్పుడు నేను మెట్‌పల్లిలో బడిపంతులును. నాకు కుదిరిన పిల్ల సుగుణది ఖానాపూర్. పంతొమ్మిదేళ్లు. వరపూజ అయ్యాక, లగ్నపత్రికను అమ్మవారి పాదాల దగ్గర పెట్టించడానికి రెండు ఇళ్లవాళ్లం కలిసి బాసర వెళ్లాం. మధ్యాహ్నం అందరూ గోదావరి స్నానానికి బయలుదేరారు. తల నొస్తుందని సుగుణ సత్రంలోనే ఉండిపోయింది. తువ్వాల మరిచానని నేను సగం దారిలో వెనక్కి తిరిగాను. మరిచిపోలేదు. అది నా భుజం మీదనే ఉంది. పది రోజుల్లో పెళ్లే కదా అనుకున్నాం ఇద్దరం. ఆమె వద్దనలేదు. నేను ఆగలేదు.

పది రోజుల్లో పెళ్లి కాలేదు. వాళ్ల పెద్దనాయన పోయాడు. ముహూర్తం రెండు నెలలు వెనక్కి జరిగింది.

పెళ్లయిన వారానికి సుగుణ చెప్పింది, బాసర నుంచి వచ్చినప్పటి నుంచే తనకు నెల నిలిచిపోయిందని. మొదట నాకు సంతోషమే కలిగింది. నిజం. ఎవరికీ చెప్పకు, పెళ్లయ్యాకే నిలిచిందనుకుంటారులే అన్నాను. ఆమె నన్ను నమ్మి ఊరుకుంది.

తర్వాత మొదలయింది. ఆ రెండు నెలలూ ఆమె మేనబావ వాళ్లింట్లోనే ఉన్నాడని ఎవరో మాటల మధ్య అన్నారు. పెళ్లిలో అతనేదో అంటే ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం నేను చూశాను. నవ్వితే ఏమైంది? ఏమీ కాలేదు. కానీ వారం తిరగ్గానే నాతో ఎందుకు చెప్పింది? అంత తొందరేమొచ్చింది? నేను వేరే లెక్క వేసుకోకముందే నన్ను ఒప్పించడానికా? ఆ మధ్యాహ్నం తలనొప్పి నిజంగా వచ్చిందా? నా తువ్వాల అబద్ధం నాకు గుర్తుకు రాలేదు, ఆమె తలనొప్పి మీద మాత్రం నెలల తరబడి విచారణ జరిపాను.

పెళ్లయిన ఏడు నెలలకు ఖానాపూర్‌లో ఆడపిల్ల పుట్టింది. చూసి వచ్చిన మా అమ్మ, నేను అవ్వ అంటాను, కాళ్లు కూడా కడుక్కోకుండా అన్నది: "ఏడు నెలలకు పుట్టిన పిల్ల గంత బొద్దుగ ఉంటదారా?"

ఒక్క మాట చెబితే అయిపోయేది. అవ్వా, పెళ్లికి ముందు తప్పు నేనే చేశాను అనాలి. నోరు రాలేదు. సిగ్గుతో మూసుకున్న నోటికి అనుమానం మంచి సాకుగా దొరికింది.

కరీంనగర్ వకీలు ముసలాయన, నెమ్మదస్తుడు. విడాకులు కావాలన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"విడాకులంటె అయిన పెండ్లిని తెంపుడు. నీది గట్ల కాదు పంతులూ. అసలు గీ పెండ్లే చెల్లదని కోర్టుతోని అనిపిచ్చుడు. పెండ్లినాటికే పిల్ల కడుపుతోని ఉండాలె. అది నీ వల్ల కావద్దు. నీకు అప్పుడు తెల్వద్దు. తెల్సినంక ఆమెతోని కాపురం చెయ్యొద్దు. పెండ్లయిన ఏడాది లోపల్నే అర్జీ వెయ్యాలె. గిండ్ల ఒక్కటి తప్పినా కేసు లేదు." కాసేపు నన్ను చూశాడు. "జర సోంచాయించి చెప్పు. పెండ్లికి ముందు మీరు ఎక్కడన్న కలిసిండ్రా?"

"లేదు," అన్నాను. కాన్పు అయ్యేదాకా నాకేమీ తెలియదన్నాను. నిజానికి తెలిసి, ఆరు నెలలు ఆమె వండింది తిని, ఆమె పక్కన పడుకున్నాను. ఆయన నమ్మాడో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే. రాసుకున్నాడు.

కోర్టుకు సుగుణ పిల్లను ఎత్తుకుని వచ్చింది. బాసర సంగతి బయటపెడితే చెల్లెలికి పెళ్లి కాదని వాళ్ల బాపు ఆమె నోరు కట్టేశాడట. పిల్ల తండ్రి నేనేనని మాత్రం అన్నది. పెళ్లికి ముందు ఇతన్ని ఏకాంతంగా కలిశావా అని జడ్జి అడిగాడు.

ఆమె నా వైపు చూసింది. బతిమాలే చూపు కాదు.

"ఆయన్నే అడుగుండ్రి సారూ. ఆయన ఏం చెప్తె గదే."

జడ్జి నన్ను అడిగాడు. నేను చెప్పాను. మీకు ముందే చెప్పాను కదా, ఏమన్నానో.

ఆమె ఏడవలేదు. పిల్ల తల మీద జారిన గుడ్డ సర్దింది. అంతే.

పెళ్లి రద్దయింది. ఖానాపూర్‌లో ఉండలేక, బొగ్గు గనుల్లో పనిచేసే అన్న దగ్గరికి, కంపెనీ క్వార్టర్‌కు పోయింది. అక్కడ బట్టలు కుడుతుందని విని ఒకసారి వెళ్లాను. ఎందుకు వెళ్లాను? క్షమించమనడానికని బస్సులో అనుకున్నాను. కాదు. పిల్ల ముఖం చూసి తేల్చుకోవడానికి. అరుగు మీద మిషను తొక్కుతూ సుగుణ తలెత్తింది, నన్ను గుర్తుపట్టింది, మళ్లీ గుడ్డ మీదికి వంగింది. మిషను ఆగలేదు. పిల్ల బడికి పోయినట్టుంది. ఏమీ తేలకుండా తిరిగి వచ్చాను.

పిల్ల నాదేనా? నాదే అనుకుంటాను. అనుకుంటాను అని రాశాను చూడండి, ఇప్పటికీ. కానీ కోర్టులో నేను చెప్పింది అనుమానం కాదు. అనుమానం ఉందని చెప్పి ఉంటే కేసు నిలిచేది కాదు. నిలబెట్టడానికి తెలిసి అబద్ధమాడాను. ఈ రెండింటినీ కలిపేసుకుని, అనుమానపు మనిషినని నా మీద నేనే జాలిపడుతూ ఇన్నేళ్లు గడిపాను.

మళ్లీ పెళ్లి చేసుకున్నాను. యశోద మొదటిసారి నెల తప్పినప్పుడు కేలండర్‌లో పెన్సిలుతో గీతలు పెట్టాను. ఆమె చూసింది. ఏమిటని అడగలేదు. తర్వాత ఎప్పుడు నవ్వినా నా వైపు ఒకసారి చూసి నవ్వేది.

ఇది రాస్తుండగా ఇందాక గదిలోకి వచ్చింది. అలవాటుగా కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాను. తర్వాత తీసేశాను.

"ఎవరికి రాస్తున్నవ్?"

"సుగుణ గురించి," అన్నాను. "కోర్టుల నేను చెప్పింది అబద్ధం యశోదా. ఆమె తప్పు ఏం లేదు."

ఆ పేరు ఈ ఇంట్లో పైకి పలకడం అదే మొదలు. యశోద కాగితం వైపు చూసింది.  వంటింట్లోకి వెళ్లిపోయింది. అక్కడ ఏమనుకుంటుందో అని నేను చెవి ఒగ్గలేదు. మిగిలింది రాసుకున్నాను.