కిటికీ దగ్గర చెప్పని మాట

ఆ స్లైడు చూసి సంతోషపడ్డానని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు.

ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సులో కామారెడ్డి వచ్చి ల్యాబులో పనిచేస్తాను. ఆ రోజు మా ఊరి నుంచే ఒక అత్తాకోడళ్లు వచ్చారు. మెడలో లింగం కట్టుకునేవాళ్లు, మాంసం ముట్టని ఇల్లు. కోడలిది నా వయసే. పక్కిళ్లలో కూర్చుని బీడీలు చుట్టేదట. జబ్బ మీద, చర్మం కింద రేగుపండంత గడ్డ. కొవ్వు గడ్డేమోనని చీటీ రాసి పంపారు. మా డాక్టరుగారు సన్నని సూది గుచ్చి లాగితే కొవ్వు రాలేదు, నీళ్లలాంటి తేట ద్రవం వచ్చింది. స్లైడు మీద పరిచి, రంగు వేసి, ముందు నేనే చూశాను. ముడతలు పడిన పలచటి పొర. బద్దెపురుగు పిల్ల. అన్నాళ్లూ పుస్తకంలో బొమ్మగానే చూశాను. పేరు నేనే చెప్పాను. డాక్టరుగారు చూసి తలూపారు. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేకపోయాను, అంత సంబరం.

సాయంత్రం కోడలిని వెంటబెట్టుకుని రిపోర్టు తీసుకోవడానికి వచ్చిన అత్త, ఏం పురుగని కిటికీ దగ్గర అడిగింది. డాక్టరుగారు వెళ్లిపోయారు. పందిమాంసంలో ఉండే పురుగని చెప్పాను.

ఆమె కోడలి వైపు తిరిగింది. "బీడీలు చేసే ఇండ్లల్ల కూసోని ఏమేం తిన్నవే?"

వరుసలో ఉన్నవాళ్లంతా చూశారు. చెప్పాల్సిన రెండో మాట నాకు కంఠతా వచ్చు. ఇలా గడ్డ కట్టడానికి మాంసం తినక్కర్లేదు. కడుపులో పురుగున్న మనిషి మలం నుంచి దాని గుడ్లు నీళ్లలోనో కొత్తిమీర మీదో చేరి నోట్లోకి పోతే చాలు, ఎవరికైనా వస్తుంది. అంతమంది ముందు అది చెప్పలేదు. కవరు చేతికిచ్చి తర్వాతి పేరు పిలిచాను. ఇంటికి పోయి ఆ వాక్యాలన్నీ డైరీలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాను.

కొన్ని నెలల తర్వాత ఆ కోడలు తన తల్లితో వచ్చింది. మందులతో గడ్డ కరిగిపోయింది. అత్త పొయ్యి ముట్టనివ్వలేదని, కంచం వేరు చేసి, ఆఖరికి పుట్టింటికి పంపేసిందని తల్లి చెప్పింది. నేను కిటికీ వదిలి బయటికొచ్చి ఆ రెండో మాట మొత్తం చెప్పాను. తప్పు నాదేనన్నాను. కాగితం మీద రాసిస్తానన్నాను. ఆమె అంతా విని, తల్లి చేతిలోని సంచి అందుకుంది.

"గిది నాకెందుకు చెప్తున్నవ్ అక్కా? నేను తిన్లేదని నాకు తెల్వదా?"